కీబోర్డే మన కలం: విమ్ ఎడిటర్‌లో మొదటి పాఠం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాయాలా, పాత జ్ఞాపకాలు రాయాలా అని మేం నలుగురం చాలాసేపు ఆలోచించాం. చివరికి మాకు ఆలస్యంగా తెలిసిన ఒక చిన్న విద్య గురించి రాద్దామనుకున్నాం. అది మాకు ముందే తెలిసి ఉంటే మాలో ఒకడికి ప్రాక్టికల్ మార్కులు పోయేవి కావు.

ఈ హాస్టల్ నుంచి రోజూ కాలేజీకి నడిచి వెళ్లిన రోజులవి. ల్యాబ్ పరీక్షలో మావాడికి సి భాషలో ఒక చిన్న ప్రోగ్రామ్ వచ్చింది. అది వాడికి కంఠతా వచ్చు. కానీ నల్లటి తెర మీద ఏ కీ నొక్కినా అక్షరం పడదు, బీప్ మని చప్పుడొస్తుంది. ఎలాగో అక్షరాలు పడటం మొదలయ్యాక ప్రోగ్రామంతా కొట్టాడు. సేవ్ చేద్దామని అలవాటు కొద్దీ కంట్రోల్, ఎస్ కలిపి నొక్కాడు. తెర బిగుసుకుపోయింది. భయపడి స్విచ్ ఆపేశాడు. మళ్లీ వేసేసరికి టైమ్ అయిపోయింది. ఆ రాత్రి వాడు మెస్‌కి రాలేదు.

వాడికి ప్రోగ్రామ్ రాక కాదు, ఎడిటర్ రాక మార్కులు పోయాయి. మీకు అలా జరగకూడదనే ఈ పాఠం.

టెర్మినల్ అంటే ఏమిటి?

మౌస్‌తో పని లేకుండా ఆదేశాలు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించుకునే తెరను టెర్మినల్ అంటారు. లైనక్స్ సర్వర్ల మీద పనిచేసేవారికి ఎక్కువగా దానితోనే పని. ఆ తెర మీద ఫైలు రాయడానికి, దిద్దడానికి వాడే ఎడిటర్లలో ప్రసిద్ధమైనది విమ్. పేరు వినగానే గిన్నెలు తోమే సబ్బు గుర్తొస్తుంది గాని, ఇది వి-ఐ అనే పాత ఎడిటర్‌కు మెరుగైన రూపం.

టెర్మినల్‌లో విమ్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఫైలు పేరు రాసి ఎంటర్ నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది.

అసలు కిటుకు: రెండు స్థితులు

విమ్‌లో ఒకే కీ రెండు పనులు చేస్తుంది. ఎడిటర్ తెరవగానే మనం ఆదేశాల స్థితిలో ఉంటాం. అప్పుడు కీ నొక్కితే అది అక్షరం కాదు, ఆజ్ఞ. ఐ నొక్కితే రాసే స్థితిలోకి వెళతాం. అప్పుడు ఏది నొక్కితే ఆ అక్షరమే పడుతుంది. మళ్లీ ఆదేశాల స్థితికి రావాలంటే ఎస్కేప్ కీ నొక్కాలి.

మావాడు పరీక్షలో తడబడింది ఇక్కడే. ఎక్కడున్నామో తెలియనప్పుడు కంగారుపడి అన్నీ నొక్కకండి, ఒక్కసారి ఎస్కేప్ నొక్కండి. రాసే స్థితిలో ఉంటే బయటికొస్తారు, ముందే బయట ఉంటే నష్టమేమీ లేదు.

నేర్చుకోవలసిన కీలు

ముందు ఈ కొన్ని చాలు. పెద్ద అక్షరమని చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

1. కదలడానికి: హెచ్ ఎడమకు, జె కిందికి, కె పైకి, ఎల్ కుడికి. సున్నా నొక్కితే వరుస మొదటికి, డాలర్ గుర్తు నొక్కితే వరుస చివరికి. జి రెండుసార్లు నొక్కితే ఫైలు మొదటికి, పెద్ద జి నొక్కితే ఫైలు చివరికి.

2. రాయడానికి: ఐ నొక్కితే కర్సర్ ఉన్న అక్షరానికి ముందు, ఎ నొక్కితే దాని తర్వాత రాయవచ్చు. ఓ నొక్కితే కింద కొత్త వరుస మొదలవుతుంది.

3. చెరపడానికి: ఎక్స్ ఒక అక్షరాన్ని తీసేస్తుంది. డి రెండుసార్లు నొక్కితే వరుస మొత్తం పోతుంది. ముందు 3 కొట్టి డి రెండుసార్లు నొక్కితే మూడు వరుసలు పోతాయి.

4. తప్పు దిద్దుకోవడానికి: యు నొక్కితే చేసిన మార్పు రద్దవుతుంది. రద్దు చేసింది మళ్లీ కావాలంటే కంట్రోల్, ఆర్ కలిపి నొక్కాలి.

5. నకలుకు: వై రెండుసార్లు నొక్కితే వరుస నకలవుతుంది. పి నొక్కితే కర్సర్ ఉన్న వరుస కింద అది అతుకుతుంది. డితో తీసేసిన వరుసను కూడా పితో మరోచోట పెట్టవచ్చు.

6. వెతకడానికి: ఏటవాలు గీత, అంటే స్లాష్ కొట్టి, కావలసిన మాట రాసి ఎంటర్. ఆ మాట తర్వాత ఎక్కడుందో చూడాలంటే ఎన్.

7. దాచి బయటికి రావడానికి: ముందు ఎస్కేప్. తర్వాత కోలన్, డబ్ల్యూ, ఎంటర్ కొడితే ఫైలు సేవ్ అవుతుంది. కోలన్, డబ్ల్యూ, క్యూ, ఎంటర్ కొడితే సేవ్ చేసి బయటికొస్తాం. మార్పులేవీ వద్దనుకుంటే కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్.

మూడు జాగ్రత్తలు

క్యాప్స్ లాక్ చూసుకోండి. అది వేసి ఉన్నప్పుడు కిందికి వెళదామని జె నొక్కితే కింది వరుస వచ్చి పై వరుసకు అతుక్కుంటుంది. పొరపాటున అలా జరిగితే క్యాప్స్ లాక్ తీసి యు నొక్కండి.

కంట్రోల్, ఎస్ నొక్కితే చాలా టెర్మినళ్లలో తెర నిలిచిపోతుంది. కంప్యూటర్ చెడిపోయిందనుకోకండి. కంట్రోల్, క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది.

మధ్యలో కరెంటు పోయినా ఆశ వదులుకోకండి. విమ్ మనం రాసేదాన్ని స్వాప్ ఫైలు అనే పక్క ఫైలులో ఎప్పటికప్పుడు దాస్తుంది. మామూలుగా 200 అక్షరాలు కొట్టగానే, లేదా నాలుగు సెకన్లు ఏమీ కొట్టకుండా ఆగగానే, అందులో రాసుకుంటుంది. అదే ఫైలును మళ్లీ తెరిస్తే స్వాప్ ఫైలు ఉందని చెబుతుంది. అప్పుడు ఆర్ ఎంచుకుంటే చాలావరకు తిరిగి వస్తుంది. మావాడికి ఆ రోజు ఇది తెలియదు, మాకూ తెలియదు.

ఈ కీలే ఎందుకు?

వి-ఐని రాసింది బిల్ జాయ్. 1976లో ఆయన అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఆయన వాడిన ఎడిఎం-3ఎ అనే టెర్మినల్‌లో బాణం గుర్తులకు వేరే కీలు లేవు. అవి హెచ్, జె, కె, ఎల్ కీల మీదే అచ్చువేసి ఉండేవి. నేడు ట్యాబ్ ఉన్న చోట దాని ఎస్కేప్ ఉండేది. ఇంటి నుంచి పనిచేయడానికి ఆయనకున్న మోడెమ్ 300 బాడ్‌ది, అంటే సెకనుకు దాదాపు 30 అక్షరాలే వెళ్లేవి. అందుకే ఒకటి రెండు అక్షరాల్లో ముగిసే ఆదేశాలు పెట్టుకున్నాడు. ఉన్న సౌకర్యం తక్కువైనా దానితోనే పని జరిగే దారి వెతికాడు.

విమ్‌ను రాసింది నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్. 1991లో దాన్ని లోకానికి విడుదల చేశాడు. 1994లో ఉగాండాలోని కిబాలే అనే ఊరికి వెళ్లి, అక్కడి పిల్లల కేంద్రంలో ఏడాదిపాటు స్వచ్ఛందంగా పనిచేశాడు. ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు ఆ ప్రాంతంలో ఎందరో. ఆ తర్వాత విమ్‌ను అందరికీ ఉచితంగానే ఇస్తూ, నచ్చినవారు ఆ పిల్లల చదువుకు సాయం చేయమని కోరాడు. ఏళ్ల తరబడి విమ్ తెరవగానే ఆ విన్నపం కనిపించేది. 2023 ఆగస్టు 3న ఆయన కన్నుమూశాడు. ఎవరో పంపిన సాయంతో చదువుకోవడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

మేం ఎలా నేర్చుకున్నాం?

మాకు హాస్టల్లో కంప్యూటర్ లేదు. పాత క్యాలెండర్ వెనకవైపు స్కేలుతో గళ్లు గీసి కీబోర్డు బొమ్మ వేసుకున్నాం. ట్రంకుపెట్టె మూత లోపల అంటించి, స్టడీ అవర్ అయ్యాక దాని మీదే వేళ్లు ఆడించేవాళ్లం. ఒకడు "రెండో వరుస తీసెయ్" అంటే ఇంకొకడు కీలు చూపించాలి. తప్పు చెప్పినవాడు మర్నాడు అందరి బకెట్లు నింపాలి. పది రోజుల్లో కీలన్నీ చేతికొచ్చాయి.

మీకు కంప్యూటర్ దొరికితే టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ అని కొట్టి చూడండి. విమ్‌తోపాటు వచ్చే ఆ పాఠం సుమారు అరగంటలో అయిపోతుంది. తర్వాత ఈ అభ్యాసం చేయండి: మన మెస్ మెనూ రోజుకొక వరుసగా రాయండి. ఆదివారం వరుస మీద కర్సర్ పెట్టి డి రెండుసార్లు నొక్కండి. జి రెండుసార్లు నొక్కి పైకి వెళ్లి, పెద్ద పి నొక్కండి. ఆదివారం కోడికూర అన్నిటికంటే పైకి వస్తే మీకు పాఠం వచ్చినట్టే. సేవ్ చేయడం మాత్రం మరచిపోకండి.

తమ్ముళ్లూ, మీకు వచ్చాక పక్క మంచం వాడికి కూడా నేర్పండి. ఆ రోజు మార్కులు పోగొట్టుకున్న మావాడే తర్వాత మా ముగ్గురికీ ఈ కీలన్నీ నేర్పాడు.