ప్లేఆఫ్‌కి ఎవరు వెళ్లాలి? అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్ నేర్పే లెక్క



మన పిల్లల్లో చాలామందికి అమెరికాలో బాబాయి పిల్లలో, పెద్దమ్మ పిల్లలో ఉన్నారు. ఈమధ్య ఎనిమిదో తరగతి బాబు ఒకడు అడిగాడు: "మేడమ్, డాలస్‌లో మా అన్నయ్య వాళ్ల స్కూల్ టీమ్ పది ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో ఐదు ఓడిపోయింది. అయినా ప్లేఆఫ్‌కి వెళ్లింది. ఆరు గెలిచిన పక్క స్కూల్ మాత్రం ఇంటికెళ్లింది. ఇది అన్యాయం కదా?" ఆ రోజు క్లాసంతా ఈ ప్రశ్న మీదే నడిచింది. ఈ నెల అదే పాఠం మీకోసం.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని, ఒకరినొకరు బలంగా ఢీకొంటూ ఆడే ఆట. ఒళ్లు కోలుకోవాలి కాబట్టి వారానికి ఒక్క మ్యాచే. సీజన్ మొత్తానికి దాదాపు పది. రాష్ట్రంలో వందల స్కూళ్లు ఉంటే అందరూ అందరితో ఆడడం కుదరదు. మరి ఎవరు మెరుగో తేల్చేదెలా?

టెక్సస్ పద్ధతి

టెక్సస్‌లో విద్యార్థుల సంఖ్యను బట్టి స్కూళ్లను తరగతులుగా విడదీసి, దగ్గర దగ్గరగా ఉన్నవాటిని 'డిస్ట్రిక్ట్' అనే చిన్న గ్రూపుల్లో పెడతారు. గ్రూపులో మొదటి నాలుగు జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేవి ఆ గ్రూపులో ఆడిన మ్యాచ్‌లు మాత్రమే.

బాబు ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఎనిమిది జట్ల గ్రూపు అనుకోండి. గ్రూపులో ఏడు మ్యాచ్‌లు, బయట మూడు. అన్నయ్య వాళ్ల జట్టు గ్రూపులో 4, బయట 1 గెలిస్తే మొత్తం 5. పక్క స్కూల్ గ్రూపులో 3, బయట 3 గెలిస్తే మొత్తం 6. కానీ గ్రూపులో 3 కన్నా 4 ఎక్కువ కాబట్టి సీటు అన్నయ్య వాళ్లదే.

ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది. బయటి మ్యాచ్‌లో ఎంత పెద్ద జట్టుతో ఆడి ఓడినా సీటుకు నష్టం లేదు. లోపమూ ఉంది. గట్టి గ్రూపులో ఐదో స్థానం వచ్చిన మంచి జట్టు ఇంట్లో కూర్చుంటే, బలహీనమైన గ్రూపులో నాలుగో జట్టు ముందుకెళ్తుంది.

ఇంకో చిక్కు, జట్లు సమానంగా నిలిస్తే ఏం చేయాలన్నది. 1988లో ఒడెస్సాలోని పెర్మియన్ హైస్కూల్‌తో పాటు మిడ్‌ల్యాండ్‌లోని రెండు స్కూళ్లు సమానంగా నిలిచాయి. అప్పట్లో గ్రూపుకు రెండే సీట్లు. చివరికి నాణేలు ఎగరేసి తేల్చారు. ఒక స్కూల్ పిల్లల సీజన్ మైదానంలో కాదు, టాస్‌తో ముగిసింది.

ఒహాయో పద్ధతి

ఒహాయోలో 1972లో ప్లేఆఫ్‌లు మొదలైనప్పటి నుంచి కంప్యూటర్ పాయింట్ల పద్ధతి ఉంది. గెలిచిన ప్రతి మ్యాచ్‌కీ పాయింట్లు వస్తాయి. మీరు ఓడించిన జట్టు మిగతా చోట్ల ఎన్ని గెలిస్తే, వాటికీ మీకు పాయింట్లు కలుస్తాయి. ప్రత్యర్థి స్కూల్ సైజును బట్టి కూడా పాయింట్లు మారతాయి. మనం దాన్ని పక్కనపెట్టి, ప్రతి గెలుపుకీ 1 పాయింట్ అనుకుని చూద్దాం.

అ జట్టు: 9 గెలుపులు. ఓడించిన ఒక్కో జట్టు గెలిచినవి 2.
9 + (9 × 2) = 27

ఆ జట్టు: 7 గెలుపులు. ఓడించిన ఒక్కో జట్టు గెలిచినవి 5.
7 + (7 × 5) = 42

రెండు మ్యాచ్‌లు తక్కువ గెలిచినా 'ఆ' జట్టే పైన ఉంది. క్లాసులో ఈ లెక్క వేయగానే పిల్లలు ఒక్క నిమిషం మాట్లాడలేదు.

ఇందులో నాకు నచ్చింది, ఎంత తేడాతో గెలిచారన్నది లెక్కించకపోవడం. తేడాకు పాయింట్లు ఇస్తే, ఇప్పటికే ఓడిపోయిన పిల్లల్ని చివరి నిమిషం దాకా చితక్కొట్టాలనిపిస్తుంది. నచ్చనిది, గట్టి జట్టుతో ఆడి ఓడితే ఆ మ్యాచ్‌కు ఏ పాయింటూ రాకపోవడం.

సీడింగ్ ఎందుకు?

సీట్లు తేలాక ఎవరితో ఎవరు ఆడాలో నిర్ణయించేదే సీడింగ్. 16 జట్లుంటే ఒకటో జట్టు పదహారోదానితో, రెండోది పదిహేనోదానితో ఆడుతుంది. అప్పుడు మొదటి రెండు జట్లూ గెలుస్తూ వస్తే చివర్లోనే ఎదురుపడతాయి. పది వారాల కష్టానికి అది ప్రతిఫలం.

అయితే ఒకటో జట్టుకూ పదహారో జట్టుకూ బలంలో చాలా తేడా ఉంటే అది ఆటలా ఉండదు. దెబ్బలు తగిలే ఆటలో అది ప్రమాదం కూడా. ఒహాయోలో 7 డివిజన్లు, ఒక్కోదాంట్లో 4 రీజియన్లు. 2021 నుంచి రీజియన్‌కు 16 జట్లను తీసుకున్నారు. అంటే మొత్తం 448. 2025లో రీజియన్‌కు 12కి తగ్గించి, మొదటి నాలుగు జట్లకు తొలి రౌండ్‌లో విశ్రాంతి ఇచ్చారు. నాకు ఇది సరైన మార్పు అనిపించింది.

మంచి నియమం ఎలా ఉండాలి?

క్లాసులో మేమంతా కలిసి నాలుగు మాటలు బోర్డు మీద రాసుకున్నాం. నియమం సీజన్‌కు ముందే అందరికీ తెలియాలి. గ్రూపు విజేతకు సీటు ఖాయంగా ఉండాలి. మిగతా సీట్లు ఇచ్చేటప్పుడు ఎన్ని గెలిచారన్నదే కాదు, ఎవరితో ఆడారన్నదీ చూడాలి. ఓడిన మ్యాచ్‌లలో కూడా. సమానంగా నిలిస్తే ముందు వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ చూడాలి, టాస్ అన్నిటికన్నా చివర.

బెల్ కొట్టాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. బాగా చదువుతుంది. ఒలింపియాడ్‌కి మాత్రం పేరు ఇవ్వలేదు. కారణం అడిగితే, "అక్కడ ర్యాంకు తగ్గితే ఇంట్లో ఏమంటారో అని భయం మేడమ్" అంది. సులువైన జట్లతోనే ఆడి తొమ్మిది గెలవమని ఆ పాపకు మనమే నేర్పామేమో అనిపించింది. "మనం" అన్నది ఊరికే కాదు. పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పుడు మొదట ర్యాంకు చదివేది నేనే.

ఈసారి మార్కులు చూసినప్పుడు "ఎన్ని వచ్చాయి?" అని అడిగే ముందు "పేపర్ ఎలా వచ్చింది? ఏ లెక్క కష్టంగా అనిపించింది?" అని అడగండి. నేనూ క్లాసులో అదే మొదలుపెట్టాను.

ఇంట్లో చేసి చూడండి

1. రీజియన్‌లో 12 జట్లున్నాయి. ఓడిన జట్టు ఇంటికి వెళ్తుంది. విజేత తేలాలంటే మొత్తం ఎన్ని మ్యాచ్‌లు జరగాలి?

2. 'ఇ' జట్టు 8 గెలిచింది. ఓడించిన ఒక్కో జట్టు గెలిచినవి 4. పైన చెప్పిన 'ఆ' జట్టును దాటిందా?

జవాబులు: 1. పదకొండు. ఒక్కో మ్యాచ్‌లో ఒక్క జట్టే బయటికి వెళ్తుంది. పదకొండు జట్లు వెళ్లాలి. 2. 8 + 32 = 40. దాటలేదు, రెండు పాయింట్ల తేడా. జవాబు మీ పిల్లలు చెప్పేదాకా ఆగండి.

– హైస్కూల్ విభాగం మ్యాథ్స్ టీచర్