చెవి కారితే ఊరుకోవద్దు

మా బడిలో రెండో తరగతి చదివే పాప ఒకతె ఉంది. వెనక వరుసలో కూచునేది. పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. "పలకలు తియ్యండి" అంటే, పక్కవాళ్లు తీయడం చూసి తీసేది. పిల్లలు "చెవిటిమాలోకం" అని ఏడిపించేవారు. నేనూ మొద్దుపిల్ల అనుకున్నాను. రెండుసార్లు కోప్పడ్డాను.

ఒకరోజు పలక దిద్దడానికి దగ్గరికి వెళ్లాను. పాప రెండు చెవుల నుంచీ చీము కారుతోంది. వాసన వస్తోంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అవ్వ వాకిట్లో కూచుని ఉంది.

"అవ్వా, పాపకు చెవి ఎన్నాళ్ల నుంచి కారుతోంది?" అని అడిగాను.

"రెండేళ్ల నుంచి టీచరమ్మా. మొదట్లో రాత్రంతా ఏడ్చేది. చీము కారాక నొప్పి తగ్గింది. వెల్లుల్లి నూనె కాచి పోస్తున్నాం. పిల్లలకు చెవి కారడం మామూలేగా! పెద్దయితే అదే పోతుంది" అంది అవ్వ.

అవ్వకు పాప మీద ప్రేమ లేక కాదు. తెలియక అలా అంది. అసలు చెవి ఎందుకు కారుతుందో తెలుసుకుందాం.

చెవి లోపల ఏముంది?

చెవి రంధ్రం చివర పల్చటి పొర ఉంటుంది. దాన్ని కర్ణభేరి అంటారు. అది డప్పుకు బిగించిన తోలు లాంటిది. శబ్దం తగిలితే అదురుతుంది. పొర వెనక చిన్న గది ఉంది. అందులో మూడు బుల్లి ఎముకలు ఉన్నాయి. మన ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక అక్కడే ఉంది. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. అంటే బియ్యపు గింజలో సగం! ఈ ఎముకలు ఆ అదురును లోపలి చెవికి అందిస్తాయి. అక్కడి నుంచి నరం మెదడుకు చేరుస్తుంది. అప్పుడు మనకు వినపడుతుంది.

చెవి ఎందుకు కారుతుంది?

ఆ గది నుంచి ముక్కు వెనక భాగానికి సన్నని గొట్టం ఉంది. పిల్లల్లో అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే గొట్టం వాచి మూసుకుపోతుంది. క్రిములు గదిలో చేరతాయి. చీము పడుతుంది. చెవిపోటు, జ్వరం వస్తాయి. చీము పొరను నెట్టి నెట్టి చిల్లు చేస్తుంది. బయటికి కారుతుంది. అప్పుడు నొప్పి తగ్గుతుంది. మనం జబ్బు తగ్గింది అనుకుంటాం.

చాలామందికి ఆ చిల్లు దానంతట అదే పూడుతుంది. కొందరికి పూడదు. నీళ్లు పోయినా, జలుబు చేసినా మళ్లీ కారుతుంది. చిల్లుపడ్డ డప్పు సరిగా మోగుతుందా? చెవి కూడా అంతే. ఏళ్ల తరబడి కారితే లోపలి ఎముకలు కూడా తినేసుకుపోతాయి. వినికిడి తగ్గుతుంది. వినపడని పిల్లకు మాట సరిగా రాదు. చదువు వెనకబడుతుంది.

ఏం చేయాలి?

1. చెవిపోటు వచ్చినా, చెవి కారినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. రెండు వారాలు దాటి కారుతుంటే చెవి డాక్టరుకు చూపించాలి.

2. శుభ్రమైన నూలుగుడ్డను వత్తిలా చేసి చీమును అద్దండి. రోజుకు మూడుసార్లు చేయండి. వత్తిని చెవిలో వదిలేయకండి.

3. డాక్టరు ఇచ్చిన మందే వేయండి. చెప్పినన్ని రోజులు వేయండి.

4. స్నానం చేసేటప్పుడు చెవిలోకి నీళ్లు పోనివ్వకండి. చెరువులో, బావిలో ఈతకు పంపకండి.

ఏం చేయకూడదు?

నూనె, పసరు పోయకండి. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక పెట్టకండి. పిల్లలను చెంప మీద కొట్టకండి. ఆ దెబ్బకు కర్ణభేరి పగలవచ్చు. పిల్లల దగ్గర బీడీ, చుట్ట కాల్చకండి. పసిబిడ్డకు పాలిచ్చేటప్పుడు తల కాస్త ఎత్తులో ఉంచండి.

చెవి వెనక వాచినా, మూతి ఒక పక్కకు వంకరపోయినా, తలనొప్పితో వాంతులైనా ఆలస్యం చేయకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. అది ప్రాణానికే ముప్పు.

పాప ఇప్పుడు ఎలా ఉంది?

అవ్వ, నేను పాపను ఆసుపత్రికి తీసుకెళ్లాం. మందులతో చెవులు ఆరాయి. చిల్లు ఇంకా ఉంది. కొంచెం పెద్దయ్యాక ఆపరేషన్ చేసి, చిరిగిన గుడ్డకు మాసిక వేసినట్టు, పొరను పూడుస్తామని డాక్టరు చెప్పారు. ఇప్పుడు పాపను ముందు వరుసలో కూచోబెట్టాను. నా ముఖం చూస్తూ పాఠం వింటోంది. మొన్న తన పేరు తనే రాసి చూపింది.

ఇప్పుడు ఏ పిల్లైనా పిలిస్తే పలకకపోతే, నేను ముందు చెవి చూస్తున్నాను.

ఆలోచించండి, చెప్పండి

1. చీము కారాక నొప్పి ఎందుకు తగ్గుతుంది?

2. చెవిలో నూనె పోయడం మీ ఊళ్లో ఉందా? మీరేం చెబుతారు?

3. మీ వీధిలో చెవి కారే పిల్లలు ఉన్నారా? వారిని ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళతారు?