సాగర్‌లో గాలం వేసే ముందు

చేపలు పట్టడం పనిలేనివాడి పని అని మా నాయిన అభిప్రాయం. ఆ మాట పూర్తిగా కాదనను. కానీ గాలం వేయడానికి నాగార్జున సాగర్ లాంటి పెద్ద జలాశయానికి పోవాలంటే మాత్రం ముందు చాలా పని ఉంటుంది. ఆ పని చేయకుండా పోతే ఏమవుతుందో మా అయిదుగురికీ అనుభవమే. అందుకే ఈ వ్యాసం.

పోయిన మే నెలలో పరీక్షలు అయిపోగానే ఒక్క మాట మీద బయలుదేరాం. చేరేసరికి పదకొండు గంటలు. నీళ్ళు ఎంత దూరం వెనక్కి పోయాయో అక్కడికి పోయాకే తెలిసింది. ఒడ్డుకీ నీళ్ళకీ మధ్య ఎండి నెర్రెలు విచ్చిన నేల. మా చెరువు పొలంలా ఉందనుకుని నడిచాం. ముందు నడిచిన మిత్రుడు నాలుగడుగులు వేసి మోకాళ్ళ దాకా, పెనుగులాడేసరికి నడుము దాకా దిగబడిపోయాడు. మేం పరుగెత్తబోతే అటుగా వస్తున్న ముసలి జాలరి ఒకాయన గట్టిగా కేకేసి ఆపాడు. వాణ్ణి వెల్లకిలా వాలమన్నాడు, తన పుట్టి తెడ్డూ మా గాలపు కర్రలూ అడ్డంగా పరిపించాడు, మెల్లగా లాగించాడు. అరగంట పట్టింది. "పైన పర్రె కనబడితే కింద గట్టిదేనా బిడ్డా? ఇది మీ పొలం గాదు" అన్నాడు. చేపలు లేవు, ఒక జత చెప్పులు పోయాయి, మేం మాత్రం నలుగురం కాకుండా అయిదుగురమే తిరిగొచ్చాం.

ఆ బురద ఎక్కడిది? ఈ ప్రశ్నతోనే మా చదువు మొదలైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ డ్యాం నుంచి 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. మొదట జలాశయం సామర్థ్యం 408 టీఎంసీలు. ఇప్పుడు లెక్క కట్టేది 312 టీఎంసీలే. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు ఆ చోటును చాలావరకు ఆక్రమించింది. నీళ్ళు తగ్గినప్పుడు ఆ ఒండ్రే బయటపడుతుంది. ఎండకు పైపొర గట్టిపడుతుంది గాని లోపలి నీరు బయటికి పోదు. మట్టి రేణువులు అంత సన్నం కనుక కదిపితే జావలాగా జారుతుంది.

కాబట్టి ప్రణాళికలో మొదటి అంశం నీటి మట్టం. ఈ సంఖ్య మా ఇంట్లో పంచాంగం లాంటిది. ఎడమ కాలువ కింద మా నాలుగెకరాలూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నిండు మట్టం 590 అడుగులు. నిండినప్పుడు నీళ్ళు పరుచుకునే విస్తీర్ణం సుమారు 285 చదరపు కిలోమీటర్లు. దీన్ని ఒక అడుగు మందంతో గుణించి చూడండి: దాదాపు 3 టీఎంసీలు వస్తుంది. అంటే పేపర్లో "590 నుంచి 589కి" అని కనబడితే మూడు టీఎంసీలు తగ్గినట్టు. రైతు దీన్ని నాట్లకు చదువుకుంటాడు, మేం గాలానికి చదువుకుంటున్నాం. ఒడ్డు ఏటవాలు యాభైకి ఒకటి ఉన్నచోట మట్టం ఒక్క అడుగు దిగితే నీటి అంచు యాభై అడుగులు వెనక్కి పోతుంది. రాతి గట్టున్న చోట అంత తేడా రాదు. పోయినేడు ఎవరో చూపించిన చోటు ఈ ఏడు పనికి రాకపోవడానికి కారణం ఇదే. మట్టం పడిపోయే ఎండాకాలం కన్నా వరద ఒండ్రు అడుగుకు దిగి, నీళ్ళు ఇంకా బాగా ఉండే డిసెంబరు, జనవరి మాకు నయమనిపించింది.

రెండోది, నీళ్ళలో ఏ లోతున చేప ఉంటుంది? ఇక్కడ మా ఫిజిక్సు పనికొచ్చింది. 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠమని పదో తరగతిలోనే చదివాం గాని, ఆ పైన మార్పు ఎంత వేగంగా పెరుగుతుందో ఎవరమూ పట్టించుకోలేదు. 5 డిగ్రీల నుంచి 10కి వెళ్తే లీటరు నీళ్ళు 0.27 గ్రాములు మాత్రమే తేలికవుతాయి. అదే 25 నుంచి 30కి వెళ్తే 1.4 గ్రాములు. అయిదు రెట్లు! అంటే మన వేడి దేశంలో పైనీటికీ కిందినీటికీ ఉష్ణోగ్రతలో కొద్ది తేడా ఉన్నా ఆ రెండూ కలవవు, నీళ్ళ మీద నూనెలా కాకపోయినా, పొరలుగా నిలబడతాయి. గాలి ఆడని లోతుపొరలో కుళ్ళే పదార్థం ప్రాణవాయువును తినేస్తుంది. అక్కడ చేప ఉండదు. చలికాలపు రాత్రుల్లో పైనీరు చల్లబడి బరువై కిందికి దిగినప్పుడు పొరలు కలుస్తాయి. మే నెల మధ్యాహ్నం లోతుగా గాలం దింపినవాడు ఖాళీ గదిలో పిలిచినట్టే.

ప్రాణవాయువు సంగతి ఇంకొకటి. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగించుకోగలదు, 30 డిగ్రీల నీరు ఏడున్నర. అయితే కొర్రమీనుకు (మావైపు కొర్రమట్ట) ఈ లెక్క వర్తించదు. అది పైకి వచ్చి గాలి మింగుతుంది. అందుకే నాచూ గడ్డీ నిండిన వెచ్చని మడుగుల్లో దర్జాగా ఉంటుంది. బొచ్చె, రవ్వ ఆ పని చేయలేవు.

నీళ్ళ తేటదనం కొలవడానికి 1865లో ఇటలీ శాస్త్రజ్ఞుడు సెక్కి ఒక తెల్లని పళ్ళెం నీళ్ళలోకి దింపి, అది కనుమరుగైన లోతు చూశాడు. ఇరవై సెంటీమీటర్ల డబ్బా మూతకు నలుపు తెలుపు రంగులేసి మేమూ ఒకటి చేశాం. ఖర్చు దాదాపు సున్న. మా ఊరి చెరువులో అరచేయి లోతుకే మాయమైంది! నీళ్ళు ఇలా ఉంటే కంటితో వేటాడే చేప ఎరను చూడలేదు. అప్పుడు వాసనతో వెతికే వాలుగ, జెల్లలకు ఎర్రలు గుచ్చడం మేలు. జెల్లను చేత్తో పట్టొద్దు, గుడ్డతో పట్టాలి. దాని ముల్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో మా తమ్ముణ్ణి అడగండి.

అమెరికాలో బాస్ అనే చేప కోసం పెద్ద జలాశయాలకు పోయేవాళ్ళు మునిగిన వాగుల, చెట్ల నక్షా ముందు పెట్టుకుని కూర్చుంటారట. ఆ చేపలో మగది గూడు కాపలా కాస్తుంది. మన కొర్రమీను కూడా అంతే, ఎర్రెర్రగా గుంపుకట్టిన పిల్లల వెంట తల్లిదండ్రులు తిరుగుతాయి. ఆ ఎర్రటి గుంపు కనబడగానే గాలం వేసేవాళ్ళున్నారు, ఎందుకంటే అప్పుడు పెద్దచేప దేని మీదికైనా దూకుతుంది. ఒక్క చేప కోసం వందల పిల్లలను దిక్కులేనివి చేయడం నాకు నచ్చదు. గుడ్లు పెట్టే కాలంలో నిషేధం పెడతారు కూడా. తేదీలూ, అనుమతీ మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. అక్కడ వేట మీద బతికేది లైసెన్సున్న జాలర్లు; మనం పోయేది సరదాకి. వాళ్ళ వలల దగ్గర గాలం వేయడం పొలంలో గొడ్డును తోలడంతో సమానం.

ఇక జాగ్రత్తలు. డ్యాం కింద రాళ్ళ మీద కూర్చోవద్దు, నీళ్ళు ఎప్పుడు వదిలేదీ మనకు తెలియదు. ఎగువన అడవివైపు మొసళ్ళున్నాయి, అది పులుల అభయారణ్యం కూడా. అటు పోనే వద్దు. పెద్ద నీటి మీద గాలికి అడ్డు ఉండదు, ఉదయం అద్దంలా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి పుట్టిని తిప్పేస్తాయి. ఈతరాని వాడు గట్టు మీదే. ఈత వచ్చినవాడికైనా పుట్టెక్కితే లైఫ్ జాకెట్ తప్పదు.

మేం మళ్ళీ జనవరిలో పోతున్నాం. అదే ముసలాయనను వెతికి, తాతా, మీరే చోటు చూపించండి అని అడుగుదామనుకున్నాం. తవుడు ముద్దలూ, ఎర్రలూ, సెక్కి పళ్ళెం, ఒక థర్మామీటరు, ముప్ఫై మీటర్ల తాడు, అన్నం మూటలు సిద్ధం. నేల పొడిచి చూడడానికి ఆరడుగుల వెదురు కర్ర కూడా ఉంది. అది మాత్రం తనే పట్టుకుని ముందు నడుస్తానని, పోయినసారి బురదలో దిగినవాడు పట్టుబట్టాడు.