శాస్త్రీయ గణనకు సమగ్ర సాఫ్ట్‌వేర్ సంపుటులు: ఎంపిక, వినియోగం, నమోదు

ఉపోద్ఘాతం

క్షేత్ర ప్రయోగాల ఫలితాలను నివేదించేటప్పుడు నేల స్వభావం, వంగడం, విత్తిన తేదీ, ఎరువుల మోతాదు, మడి పరిమాణం వంటి వివరాలను తప్పక పొందుపరుస్తాము. దత్తాంశ విశ్లేషణ విషయానికి వచ్చేసరికి మాత్రం ‘ఆర్ సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించడమైనది’ అనే ఒక్క వాక్యంతో సరిపెట్టుకొనడం పరిపాటి అయినది. కానీ ఆ ఒక్క పేరు కింద పనిచేసేది ఒక్క ప్రోగ్రాము కాదు. పదుల కొద్దీ, ఒక్కొక్కప్పుడు వందల కొద్దీ ప్యాకేజీల సముదాయం. వాటిలో ఏ ఒక్కటి మారినా లెక్క మధ్యలో ఆగిపోవచ్చు. లేదా ఆగకుండానే వేరొక ఫలితం రావచ్చు. ఆగిపోయిన లెక్క తన లోపాన్ని తానే తెలియజేస్తుంది. నిశ్శబ్దంగా మారిన ఫలితం తెలియజేయదు.

ఈ ప్యాకేజీలన్నింటినీ పరస్పరం పొసగే వెర్షన్లలో ముందుగానే నిర్మించి, విండోస్, మాక్, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లకు తగినట్లు ఒక్కచోట చేర్చి అందించే ఏర్పాటునే డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘సంపుటి’ అని వ్యవహరించడమైనది. సంపుటుల అవసరం, వాటి ఎంపిక, వాటిని నమోదు చేసే విధానం విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయోగపడేలా కింద వివరించడమైనది.

సంపుటి అవసరం ఎందుకు కలిగినది?

పైథాన్‌లో గణనకు ఆధారమైన నమ్‌పై ప్యాకేజీని ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఇందులోని మాత్రికల లెక్కలను బ్లాస్, లాప్యాక్ అనే ప్రమాణాలను అనుసరించే లైబ్రరీలు నిర్వహిస్తాయి. సైపై ప్యాకేజీలో ఫోర్ట్రాన్ భాషలో రాసిన భాగాలు చిరకాలం ఉన్నాయి. ఇటువంటి మూల రూపాన్ని యంత్రం అమలు చేయగల రూపంలోకి మార్చడానికి కంపైలర్ కావలెను. లినక్స్‌లో కంపైలర్లు సులభంగా లభిస్తాయి. విండోస్‌తో పాటు అవి రావు. అందువల్ల లినక్స్‌లో కొద్ది నిమిషాలలో సిద్ధమయ్యే ప్యాకేజీ, విండోస్ వాడుకరికి ఒకనాడు రోజుల తరబడి శ్రమగా ఉండేది.

ఉపగ్రహ చిత్రాలతో పంట విస్తీర్ణాన్ని అంచనా వేసేవారికి ఈ సమస్య మరింత జటిలం. చిత్రాలను చదివే జీడాల్ లైబ్రరీ, అక్షాంశ రేఖాంశాలను ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి మార్చే ప్రాజ్ లైబ్రరీపై ఆధారపడుతుంది. రాస్టీరియో వంటి పైథాన్ ప్యాకేజీ తిరిగి జీడాల్‌పై ఆధారపడుతుంది. ఈ మూడింటి వెర్షన్లు పొసగకపోతే ప్రోగ్రాము ప్రారంభమే కాదు. ఈ పొందికను సాధించే బాధ్యతను పరిశోధకుని భుజాల నుంచి తప్పించడమే సంపుటి ప్రధాన ప్రయోజనం.

ప్రధాన సంపుటులు

నమ్‌పై సృష్టికర్త ట్రావిస్ ఆలిఫాంట్, పీటర్ వాంగ్‌తో కలిసి 2012లో అమెరికాలో స్థాపించిన సంస్థ అనకొండ సంపుటిని వెలువరించినది. దానితో పాటు వచ్చిన కాండా అనే నిర్వాహక సాధనం పైథాన్ ప్యాకేజీలనే కాక ఆర్‌ను, జీడాల్ వంటి ఇతర భాషల లైబ్రరీలను కూడా స్థాపించగలదు. ఒకే కంప్యూటరులో ఒక్కొక్క పరిశోధనకు వేరువేరు ‘ఎన్విరాన్‌మెంట్’లను ఏర్పరచడం దాని మరొక ప్రత్యేకత. ఒక ఎన్విరాన్‌మెంట్‌లో పాత వెర్షన్, మరొక దానిలో కొత్త వెర్షన్ ఒకదానికొకటి అడ్డు రాకుండా ఉండగలవు.

2015లో స్వచ్ఛంద నిపుణుల సమూహం కాండా-ఫోర్జ్ అనే ప్యాకేజీ భాండాగారాన్ని ప్రారంభించినది. ఈ భాండాగారాన్నే మూలంగా చేసుకొని పనిచేసే చిన్న ఇన్‌స్టాలరు మినీఫోర్జ్. అనకొండ పూర్తి సంపుటి వందలాది ప్యాకేజీలతో వస్తుంది. మినీఫోర్జ్ కనీస సామగ్రితో వచ్చి, కావలసిన వాటిని మాత్రమే తెచ్చుకొనే వీలు కల్పిస్తుంది.

ఆర్ వాడుకరులకు క్రాన్ అనే భాండాగారమే ప్రధాన ఆధారం. విండోస్, మాక్‌లకు ముందుగా నిర్మించిన ప్యాకేజీలను అది అందిస్తుంది. పెరూ దేశంలోని లా మోలినా జాతీయ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెలిపె దె మెండిబురు రూపొందించిన అగ్రికోలే ప్యాకేజీ ఇక్కడే లభిస్తుంది. ప్రయోగ రూపకల్పనకు, సగటుల పోలికకు వ్యవసాయ పరిశోధకులు దీనిని విరివిగా వాడుతున్నారు.

వెర్షన్ మారితే ఏమి జరుగుతుంది?

ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో 10 ట్రీట్‌మెంట్లను ఒక బ్లాకులోని మడులకు కేటాయించవలసి ఉన్నదనుకొందాము. ఆర్‌లో సీడ్ సంఖ్యను 123గా ఇచ్చి, 1 నుంచి 10 వరకు గల సంఖ్యలను శాంపుల్ ఫంక్షన్‌తో కలిపితే 3.6.0కు ముందటి వెర్షన్లలో వచ్చే వరుస ఇది:

3, 8, 4, 7, 6, 1, 10, 9, 2, 5

అదే సీడ్‌తో, అదే ఆదేశంతో 3.6.0 వెర్షన్, ఆ తరువాతి వెర్షన్లలో వచ్చే వరుస ఇది:

3, 10, 2, 8, 6, 9, 1, 7, 5, 4

మొదటి, ఐదవ మడులలో మాత్రమే ట్రీట్‌మెంట్ ఒకటిగా ఉన్నది. మిగిలిన ఎనిమిది మడులలో మారినది. ఇది సాఫ్ట్‌వేర్ దోషం కాదు. పాత పద్ధతిలో, సంఖ్యల సమూహం చాలా పెద్దదైనప్పుడు అన్ని సంఖ్యలకు సమాన అవకాశం లభించేది కాదు. ఆ లోపాన్ని సవరించి 2019లో కొత్త పద్ధతిని ప్రవేశపెట్టినారు. మార్పు సమంజసమైనదే, అయితే సీడ్‌ను మాత్రమే నమోదు చేసి, వెర్షన్‌ను నమోదు చేయని ప్రయోగానికి దాని ప్రభావం తీవ్రం. మడుల పటం పోయి, 2018లో రాసిన ఆదేశంతో నేటి కంప్యూటరులో దానిని తిరిగి రూపొందిస్తే, ఒక మడి దిగుబడి మరొక ట్రీట్‌మెంట్ పేరున చేరుతుంది. విశ్లేషణ ఏ హెచ్చరికా లేకుండా పూర్తవుతుంది; సిఫారసు మాత్రం తారుమారవుతుంది. పాత వరుస కావలసినవారు శాంపుల్ పద్ధతిని ‘రౌండింగ్’గా నిర్దేశించి దానిని తిరిగి పొందవచ్చును. అయితే తమ ప్రయోగం ఏ వెర్షన్‌లో జరిగినదో తెలిసినవారికే ఈ మార్గం ఉపకరిస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ వల్ల కలిగే భేదాలు

విస్తరణ సర్వేలలో రైతుల పేర్లను, గ్రామాల పేర్లను తెలుగు లిపిలోనే నమోదు చేయడం సహజం. లినక్స్, మాక్‌లలో ఆర్ చాలా కాలంగా యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 సంకేత విధానాన్ని అనుసరిస్తున్నది. విండోస్‌లో మాత్రం ఆ సిస్టమ్ స్థానిక సంకేత విధానాన్ని వాడేది. అందువల్ల తెలుగు అక్షరాలు అర్థంలేని గుర్తులుగా మారే ప్రమాదం ఉండేది. 2022లో వచ్చిన ఆర్ 4.2.0 నుంచి, విండోస్ 10లోని ఇటీవలి రూపాలపై కూడా యూటీఎఫ్-8 అమలులోకి వచ్చినది. పైథాన్ వాడేవారు విండోస్‌లో ఫైలును తెరిచే ఆదేశంలోనే యూటీఎఫ్-8 అని స్పష్టంగా పేర్కొనడం శ్రేయస్కరం.

అక్షర క్రమం మరొక భేదం. పెద్ద, చిన్న ఇంగ్లిషు అక్షరాలు కలిసిన ట్రీట్‌మెంట్ పేర్లను వరుసలో పెట్టే పద్ధతి, కంప్యూటరులో నిర్దేశించిన భాషా అమరికను బట్టి మారుతుంది. ఆర్‌లో వరుసలో మొదట వచ్చిన ట్రీట్‌మెంటే సాధారణంగా పోలికకు ఆధారం అవుతుంది గనుక, ఒకే దత్తాంశానికి రెండు కంప్యూటర్లలో వేరువేరు గుణకాలు కనిపించవచ్చు. కంట్రోల్ ట్రీట్‌మెంట్‌ను ఆదేశంలోనే ఆధారంగా ప్రకటించినచో ఈ చిక్కు తొలగుతుంది.

ఎన్విరాన్‌మెంట్‌ను నమోదు చేయడం

కాండాలో ఎన్విరాన్‌మెంట్ వివరాలను ఒక చిన్న ఫైలుగా భద్రపరచవచ్చు. ఇందులో రెండు తరహాలు ఉన్నాయి. మొదటిది ప్రతి ప్యాకేజీని, దాని నిర్మాణ సంకేతంతో సహా నమోదు చేస్తుంది. ఇది ఎంతో ఖచ్చితమైనది. కానీ ఆ సంకేతాలు ఆపరేటింగ్ సిస్టమ్‌ను బట్టి మారుతాయి గనుక విండోస్‌లో తయారైన ఫైలు లినక్స్‌లో పనిచేయకపోవచ్చు. రెండవది వాడుకరి స్వయంగా కోరిన ప్యాకేజీలను మాత్రమే నమోదు చేస్తుంది. ఇది అన్ని సిస్టమ్‌లకూ వర్తిస్తుంది. అయితే వెర్షన్లను స్పష్టంగా కోరి ఉంటేనే ఫలితం నిలకడగా ఉంటుంది. రెండు ఫైళ్లనూ భద్రపరచడం మేలు. అన్ని సిస్టమ్‌లకూ ఒకేసారి ఖచ్చితమైన జాబితా కావలసినవారికి కాండా-లాక్ అనే సాధనం ఉన్నది. ఆర్‌లో ఇదే పనిని ఆర్-ఎన్వ్ ప్యాకేజీ చేస్తుంది. అయితే అది ఆర్ వెర్షన్‌ను నమోదు చేస్తుందే గాని, ఆర్‌ను స్థాపించదు.

లైసెన్సు, కొనసాగింపు

సంపుటిని ఎంచుకొనేటప్పుడు సౌలభ్యంతో పాటు నిబంధనలనూ పరిశీలించవలెను. 2020లో అనకొండ సంస్థ తన భాండాగార నిబంధనలను మార్చి, 200 మందికి మించిన సంస్థలు వాణిజ్య వినియోగానికి చెల్లింపు లైసెన్సు తీసుకొనవలెనని నిర్దేశించినది. విద్యాబోధనకు మినహాయింపులు ఉన్నప్పటికీ, తమ పరిశోధనా వినియోగం వాటి పరిధిలోకి వస్తుందో లేదో ప్రతి సంస్థా తాజా నిబంధనలను చదివి నిర్ధారించుకొనవలెను. కాండా సాధనం, కాండా-ఫోర్జ్ భాండాగారం ఈ నియమానికి వెలుపల ఉన్నాయి.

కొనసాగింపు మరొక అంశం. క్రాన్ భాండాగారం ప్రతి రోజు ఎలా ఉన్నదో ఆ రూపాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ ఎమ్రాన్ పేరున భద్రపరిచేది. తేదీని పేర్కొంటే ఆనాటి ప్యాకేజీలను తెచ్చుకొనే వీలుండేది. 2023 జులై 1న ఆ సేవ నిలిచిపోయినది. దానిపైనే ఆధారపడిన పాత ప్రోగ్రాములు తమ మూలాన్ని కోల్పోయినవి. ఇంటర్నెట్‌లో ఎక్కడో భద్రంగా ఉన్నదన్న భరోసా, మన వద్ద ఉన్న ప్రతికి ప్రత్యామ్నాయం కాజాలదు.

సూచనలు

1. కొత్తగా ప్రారంభించేవారు మినీఫోర్జ్ వంటి చిన్న సంపుటితో మొదలుపెట్టి, ప్రతి ప్రయోగానికి ప్రత్యేక ఎన్విరాన్‌మెంట్‌ను ఏర్పరచుకొనవలెను.

2. ప్రయోగం నడుస్తుండగా ప్యాకేజీలను నవీకరించరాదు. నవీకరించవలసి వస్తే కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో చేసి, పాత ఫలితంతో సరిపోల్చవలెను.

3. ఇంటర్నెట్ సౌకర్యం తక్కువగా ఉన్న కేంద్రాలకు, కాండా-ప్యాక్ సాధనంతో ఎన్విరాన్‌మెంట్‌ను ఒకే ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో పంపవచ్చును. పంపే, స్వీకరించే కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటే అయి ఉండవలెను.

4. యాదృచ్ఛిక కేటాయింపు జరిగిన వెంటనే మడుల పటాన్ని ముద్రించి ఫీల్డ్ బుక్‌లో అతికించవలెను. సీడ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ప్యాకేజీ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఆ పేజీలోనే రాయవలెను.

5. సిద్ధాంత గ్రంథాలలో, పరిశోధనా వ్యాసాలలో ‘సామగ్రి, పద్ధతులు’ విభాగంలో ఈ వివరాలను చేర్చి, దత్తాంశంతో పాటు ఎన్విరాన్‌మెంట్ ఫైలునూ విభాగంలో భద్రపరచవలెను.

ముగింపు

సంపుటి స్థాపన శ్రమను తగ్గిస్తుంది. ఫలితానికి హామీ ఇవ్వదు. ఏ వెర్షన్లతో ఆ ఫలితం వచ్చినదో రాసి ఉంచినప్పుడే, మరొక కేంద్రంలోని శాస్త్రవేత్త మరొక ఆపరేటింగ్ సిస్టమ్‌పై దానిని తిరిగి సాధించి పరీక్షించగలడు. వంగడం పేరు లేని దిగుబడి పట్టికను మనము అంగీకరించము. వెర్షన్ పేర్కొనని విశ్లేషణను కూడా అదే దృష్టితో చూడవలసిన సమయం వచ్చినది. రైతు పొలానికి చేరే సిఫారసు ఆ పట్టికపైన, ఆ విశ్లేషణపైన సమానంగా ఆధారపడి ఉన్నది.