ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదా?

తరతరాలుగా తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలకు మూడు భాషలతో పని ఉంటుంది. ఇంట్లో తెలుగు, బయట రాష్ట్ర భాష, పై చదువులకు ఇంగ్లీషు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో సుమారు 42 లక్షల మందికి, కర్ణాటకలో 35 లక్షల మందికి పైగా తెలుగు మాతృభాష. మూడు భాషలు పిల్లలకు బరువవుతాయన్న భయంతో చాలామంది తల్లిదండ్రులు ముందుగా తెలుగునే మాన్పిస్తున్నారు. ఈ భయం ఎంతవరకు సరైనదో చూద్దాం.

భావం ఒక్కటే, మాటలు వేరు

ఐదు వందల రూపాయల నోటు చూడండి. ముందు వైపు హిందీ, ఇంగ్లీషు ఉంటాయి. వెనుక వైపు పట్టీలో 15 భాషలు ఉంటాయి. అందులో తెలుగు 14వ వరుసలో ఉంటుంది. మొత్తం 17 భాషలున్నా నోటు విలువ ఒక్కటే.

చదువూ ఇంతే. వడ్డీ అసలులో కలిసి, దాని మీద మళ్ళీ వడ్డీ పడుతుందని తెలుగులో అర్థం చేసుకున్న విద్యార్థి "కాంపౌండ్ ఇంట్రెస్ట్" అనే మాట ఒక్కటి కొత్తగా నేర్చుకుంటే చాలు. అర్థం కాకుండా ఇంగ్లీషులో బట్టీ పట్టినవాడు లెక్క కొంచెం మారగానే ఆగిపోతాడు.

ఒక భాషలో బాగా అలవడిన చదివే శక్తి, ఆలోచించే శక్తి రెండో భాషకూ అక్కరకు వస్తాయని కెనడాలో పనిచేసిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించారు. అయితే రెండో భాషతో తగినంత పరిచయం, నేర్చుకోవాలనే ఆసక్తి ఉండాలని కూడా ఆయన చెప్పారు. కాబట్టి తెలుగు వస్తే ఇంగ్లీషు దానంతట అదే వస్తుందనుకోరాదు. దానికి వేరే సాధన అవసరం.

పొరపాట్లు ఎక్కడ వస్తాయి?

1. తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా భాషల్లో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. "నేను బ్యాంకుకు వెళ్ళాను" అన్నది "ఐ వెంట్ టు ది బ్యాంక్" అవుతుంది.

2. మన "కు", "లో" పేరు తర్వాత వస్తాయి. ఇంగ్లీషు "టు", "ఇన్" పేరుకు ముందు వస్తాయి.

3. "పరీక్షల గురించి చర్చించాము" అనే అలవాటుతో "డిస్కస్డ్ అబౌట్ ఎగ్జామ్స్" అని రాస్తారు. "డిస్కస్డ్" తర్వాత "అబౌట్" ఉండకూడదు.

రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూసే విద్యార్థికి ఇవి త్వరగా పట్టుబడతాయి.

రాష్ట్ర భాషను మరువరాదు

పాఠశాలల్లో రాష్ట్ర భాషను తప్పనిసరి చేస్తూ తమిళనాడు 2006లో, కర్ణాటక 2015లో, మహారాష్ట్ర 2020లో చట్టాలు చేశాయి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో క్లర్కు ఉద్యోగానికి దరఖాస్తు చేసే రాష్ట్రపు భాష వచ్చి ఉండాలి. ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చినా, స్థానిక భాష చదవడం, రాయడం రాకపోతే ఉద్యోగం చేజారుతుంది.

ఇంట్లో చేయదగినవి

రోజుకు అరగంట చాలు. విద్యార్థులు ఇంగ్లీషు పాఠంలో ఒక పేజీ చదివి, దాని సారాంశాన్ని పెద్దలకు తెలుగులో చెప్పాలి. తర్వాత పుస్తకం మూసి అదే విషయాన్ని ఐదు ఇంగ్లీషు వాక్యాల్లో రాసి, పుస్తకంతో సరిచూసుకోవాలి. ఆదివారాలు తెలుగులో ఒక పేజీ చదివి, నాలుగు వాక్యాలు రాయాలి. మాట్లాడటం మాత్రమే వచ్చి అక్షరాలు రాకపోతే, ఆ తెలుగు తర్వాతి తరానికి అందదు.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధించే వసతులకు రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో దీన్ని చేర్చారు. తెలుగు తరగతి కావలసిన తల్లిదండ్రులు నలుగురూ కలిసి పాఠశాలకు రాతపూర్వకంగా విన్నవించుకోవచ్చు.

ఇంగ్లీషు రాదని పిల్లల చదువుకు దూరంగా ఉండే తల్లులకు, తండ్రులకు ఒక మనవి. "ఈ రోజు ఏం చదివావు? నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. వివరంగా చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే. తడబడితే ఆ పాఠాన్ని మళ్ళీ చదివించండి. ఈ పరీక్ష పెట్టడానికి మీకు ఇంగ్లీషు రానక్కరలేదు.