చిరుతయా? అడవిపిల్లియా?

హైదరాబాదు నగరానికి పడమట, సంగారెడ్డి జిల్లాలో తెల్లాపూర్ ఉన్నది. ఒకప్పుడు చెరువులు, పొలాలు, రాతిగుట్టలతో కూడిన ఈ ప్రాంతం ఐ.టి. పరిశ్రమ విస్తరణతో బహుళ అంతస్తుల భవనాలకు నిలయమైంది. ఇటువంటి చోట వన్యప్రాణి కంటపడితే ప్రజలు కలవరపడడం సహజం.

2024 అక్టోబరులో, తెల్లాపూర్‌కు సమీపంలోని మియాపూర్ మెట్రో స్టేషను వద్ద ఒక జంతువు కనిపించింది. దాని దృశ్యాలు సెల్‌ఫోన్ల ద్వారా వ్యాపించి, చిరుత వచ్చిందన్న భయం అలముకొన్నది. అటవీశాఖ అధికారులు పరిశీలించి, అది అడవిపిల్లి అని తేల్చారు. మసకవెలుతురులో తాడును చూచి పామనుకోవడాన్ని మన పెద్దలు రజ్జుసర్పభ్రాంతి అన్నారు. ఇదీ అటువంటిదే.

ఈ భ్రాంతి తొలగాలంటే లక్షణ పరిజ్ఞానం అవసరం. చిరుత పసుపువన్నె దేహం నిండా గుత్తులుగా నల్లని మచ్చలుంటాయి. అడవిపిల్లి దేహం ఇసుకరంగులో, మచ్చలు లేకుండా ఉంటుంది. చిరుత తోక మిక్కిలి పొడవు. అడవిపిల్లి తోక పొట్టి. దాని చివర నల్లని వలయాలుంటాయి. అడవిపిల్లి కాళ్లు పొడవు. నిక్కిన చెవుల కొసలందు చిన్న నల్లని కుచ్చులుంటాయి. అది ఇంటిపిల్లి కంటె పెద్దదే అయినా, చిరుత బరువులో చాలా స్వల్పభాగమే తూగుతుంది.

అడవిపిల్లి కూనల ఒంటిపై చారలు, మచ్చలు ఉండి, ఎదిగేకొద్దీ చాలావరకు మాసిపోతాయి. వాటిని చిరుతకూనలని భ్రమించి పట్టి తేవడం తల్లినీ బిడ్డలనూ వేరు చేయడమే.

అలాగని ప్రతి వార్తనూ కొట్టివేయరాదు. 2025 ఏప్రిల్‌లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ ప్రాంగణంలో నిజంగానే చిరుత బోనులో చిక్కింది. కనుక అనుమానం కలిగితే దూరంగా నిలిచి అటవీశాఖకు తెలియజేయాలి. గుంపులుగా వెంటబడడం మనిషికీ మృగానికీ ప్రమాదమే.

ఎలుకలను వేటాడే అడవిపిల్లి రైతుకు మిత్రుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికీ రక్షణ కల్పించింది. అజ్ఞానం వల్ల పుట్టిన భయం నిరపరాధి ప్రాణాన్ని తీయగలదు. పోలికలు గుర్తించే చూపు ఆ ప్రాణాన్ని నిలుపగలదు.

అర్థాలు: రజ్జువు = తాడు; సర్పం = పాము; భ్రాంతి = పొరపాటు తలపు; నిరపరాధి = తప్పు చేయనివాడు.

ప్రశ్నలు:
1. చిరుతకు, అడవిపిల్లికి గల భేదాలను వివరించండి.
2. మియాపూర్ సంఘటనను రజ్జుసర్పభ్రాంతితో ఎందుకు పోల్చారు?