రోడ్డు దాటువాని హక్కు – పంచాయతీ కర్తవ్యము

మన గ్రామములలో పెక్కింటికి ఒక పోలిక గలదు. ఇండ్లు రోడ్డునకు ఒక ప్రక్కను, బడి మరియొక ప్రక్కను ఉండును. లేదా ఊరు ఇటు, పొలములు అటు. చౌకడిపో ఇటు, బస్సు ఆగుచోటు అటు. ఎడ్లబండ్లు నడచిన దినములలో ఈ దారిని దాటుట ఒక పనిగా ఎవరును ఎంచలేదు. బండి వచ్చుచున్నదని ఎడ్లమెడలోని మువ్వలే తెలిపెడివి. నేడు ఆ దారియే తారురోడ్డయి, వెడల్పయి, రేయింబవళ్లు లారీలతోను, కార్లతోను, మోటారు సైకిళ్లతోను నిండియున్నది. దాటవలసినవారు మాత్రము మారలేదు. పుస్తకముల సంచి మోయు పిల్లలు, గడ్డిమోపు తలనెత్తుకొన్న స్త్రీలు, చేతికఱ్ఱ ఊతగా నడచు వృద్ధులు – వీరే నేడును ఆ రోడ్డు దాటుచున్నారు.

వీరికి చట్టము ఒక హక్కు నిచ్చినది. ఆ సంగతి వీరిలో చాలమందికి తెలియదు. వాహనము నడపువారిలోను చాలమందికి తెలియదు. ఆ హక్కు ఎట్టిది, అది రోడ్డుమీద అమలునకు వచ్చుటకు పంచాయతీ చేయవలసినదేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింప దలచినాము.

చట్టము చెప్పునదేమి?

మన దేశమున రోడ్లమీద వాహనముల నడకను 1988 నాటి మోటారు వాహనముల చట్టము శాసించుచున్నది. ఆ చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము 1989లో రోడ్డు నియమములను చేసెను. వాటి స్థానమున 2017లో క్రొత్త నియమావళి వచ్చినది. పాదచారుల విషయమున వీటి సారాంశ మిది.

మొదటిది: కూడలి, మలుపు, పాదచారులు దాటుచోటు సమీపించినప్పుడు డ్రైవరు వేగము తగ్గించవలెను.

రెండవది: పోలీసు గాని, సిగ్నలు దీపము గాని లేని దాటుచోట ముందుగా పోవు హక్కు పాదచారిది. వాహనము నిలిచి అతనికి దారి యీయవలెను. చక్రముల కుర్చీలో పోవు వికలాంగులకును ఇదే మర్యాద చెల్లును.

మూడవది: కాలిబాటమీద వాహనము నడపరాదు, నిలుపరాదు. దాటుచోటుమీదను, దాని దాపునను బండి నిలిపియుంచరాదు.

సిగ్నలు ఉన్నచోట మాత్రము పాదచారియు, వాహనమును దానికి లోబడవలసినదే.

ఇందు మన మొక మాటను శ్రద్ధగా గమనింపవలెను. ముందుగా పోవు ఈ హక్కు ‘దాటుచోట’ చెల్లును. నిర్లక్ష్యముగా వాహనము నడపుట ఎక్కడనైనను నేరమే. కాని ‘ఇచ్చట నీవు ఆగి తీరవలెను’ అని డ్రైవరునకు తెలియజేయునవి రోడ్డుమీది తెల్లని చారలే. చారలు లేని ఊరిలో చట్టమిచ్చిన హక్కు కాగితముమీదనే నిలిచిపోవును. కావున చారలు గీయించుట అలంకారము గాదు. హక్కునకు ప్రాణము పోయుట.

ఈ చారలను ప్రప్రథమమున శాసనబద్ధము చేసిన దేశము బ్రిటను. అచ్చట 1951లో ఇవి చట్టరీత్యా అమలులోనికి వచ్చినవి. చారల గుఱ్ఱము వంటివగుటచే వీటికి ‘జీబ్రా క్రాసింగు’ అను పేరు స్థిరపడినది.

ఇది ఎంత అవసరమో అంకెలు చెప్పగలవు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారము 2023లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,72,890 మంది మరణించిరి. అందులో 35,221 మంది పాదచారులు. అనగా చనిపోయిన ప్రతి అయిదుగురిలో ఒకరు ఏ వాహనమును ఎక్కనివారు. ఈ పరిస్థితిని పరిశీలించి, 2025 అక్టోబరు 7వ తేదీన సుప్రీంకోర్టు పాదచారుల రక్షణకు నియమములు చేయవలసినదని రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించి, అందులకు ఆరు నెలల గడువు విధించినది. అంతకుముందు అదే సంవత్సరము మే నెలలో, కాలిబాటమీద నిరపాయముగా నడచుట జీవించు హక్కులో భాగమని ఆ న్యాయస్థానమే పలికినది.

ఏడు సెకనుల లెక్క

చట్టమును అటుంచి ఒక చిన్న లెక్క చూతము. రెండు వరుసల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. నెమ్మదిగా నడచు మనిషి సెకనుకు ఒక మీటరు చొప్పున ఏడు సెకనులలో దానిని దాటును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఆ ఏడు సెకనులలో సుమారు 117 మీటర్లు వచ్చి చేరును. కావున మనిషి అడుగు వేయునప్పటికి కారు కనుచూపు మేరలో ఎక్కడనో ఉన్నను, అతడు ఆవలి అంచు చేరులోపల అది అతని ప్రక్కకు వచ్చియుండును. పది సెకనులు పట్టు వృద్ధురాలి సంగతి చెప్పనక్కరలేదు.

ఇక ఆగుట. మనిషిని చూచి బ్రేకు త్రొక్కుటకు డ్రైవరునకు ఒక సెకను పట్టునని అనుకొందము. పొడిగా నున్న మంచి రోడ్డుమీద గూడ, 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు చూచిన క్షణము నుండి సుమారు 37 మీటర్లు పోయి గాని ఆగదు. అదే కారు 30 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో 13 మీటర్లలో ఆగును. వేగము రెట్టింపైనచో బ్రేకు పట్టిన తరువాత పోవు దూరము నాలుగు రెట్లగుటయే దీనికి కారణము. ఊరి నడుమ వేగము తగ్గించుమని కోరుట డ్రైవరును వేధించుట గాదు. ఒక బిడ్డ ప్రాణమునకు 24 మీటర్ల చోటు కల్పించుట.

దాటుచోటు ఎక్కడ ఉండవలెను?

జనము సహజముగా దాటు తావుననే దాటుచోటు ఉండవలెను. బడి ముంగిట నుండి రెండు ఫర్లాంగుల దూరమున చారలు గీసిన, అచ్చటికి పోయి దాటువారుండరు. అయితే మలుపు మీదను, వంతెన దిగుచోటను, చెట్లు కమ్మిన తావునను పెట్టరాదు. ఇరువైపుల నుండి వచ్చు వాహనములకు మనిషి దూరము నుండియే కనబడవలెను. రాత్రివేళ దీపము వెలుగవలెను. ముందుగనే హెచ్చరిక బోర్డు నిలుపవలెను.

బస్సు ఆగుచోటును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. బస్సు దిగినవారు దాని ముందునుండి రోడ్డు దాటుట మన యెడ అలవాటు. బస్సు చాటున నున్న మనిషి వెనుక నుండి వచ్చు డ్రైవరునకు కానరాడు. కావున బస్సు కదలి పోయిన తరువాతనే దాటవలెనని పిల్లలకు, పెద్దలకు బోధింపవలెను.

నాలుగు వరుసల జాతీయ రహదారుల సంగతి వేరు. హైదరాబాదు–విజయవాడల నడుమ 65వ నంబరు రహదారి, కోస్తా జిల్లాల మీదుగా చెన్నై–కలకత్తాలను కలుపు 16వ నంబరు రహదారి వంటివాటిమీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వరకు వేగము అనుమతింపబడినది. అట్టిచోట ఉత్త చారలు చాలవు. రోడ్డు క్రిందుగా పోవు దారి, పైవంతెన, సర్వీసు రోడ్డు వంటి వాటినే పంచాయతీ కోరవలెను. అవి వచ్చువరకు సిగ్నలు దీపములను, హెచ్చరిక బోర్డులను కోరవలెను.

ఎవరిని అడుగవలెను?

మొదట ఆ రోడ్డు ఎవరిదో తెలిసికొనవలెను. ఊరిలోపలి వీధులు పంచాయతీవి. గ్రామములను కలుపు రోడ్లలో పెక్కు పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖ క్రిందను, రాష్ట్ర రహదారులు రోడ్లు భవనముల శాఖ క్రిందను ఉండును. జాతీయ రహదారులకు సంబంధించిన అధికారులు వేరు.

రోడ్డు గుర్తులు నిలుపుటకు చట్టములోని 116వ సెక్షను, ప్రజల క్షేమము కొరకు ఒక తావున వేగము తగ్గించుటకు 112వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వమునకును, అది నియమించిన అధికారులకును వీలు కల్పించుచున్నవి. ప్రమాణముల ప్రకారము రోడ్డు నిర్మింపక, నిర్వహింపక, తత్ఫలితముగా ప్రాణహాని గాని అంగవైకల్యము గాని కలిగినచో, బాధ్యులైన అధికార సంస్థకు, కంట్రాక్టరునకు లక్ష రూపాయల వరకు జరిమానా విధింప వచ్చునని 2019లో చేర్చిన 198-ఏ సెక్షను చెప్పుచున్నది.

‘మా ఊరికి జీబ్రా చారలు కావలెను’ అని ఒక వాక్యము వ్రాసి పంపిన, అది ఫైలులో అణగిపోవును. తీర్మానమున ఈ సంగతు లుండవలెను: దాటుచోటు ఏ కిలోమీటరు రాతి దాపున కావలెను, దానికి ఇరుప్రక్కల ఏమేమి ఉన్నవి, ఉదయము 8 నుండి 10 గంటల వరకు, సాయంకాలము 4 నుండి 6 గంటల వరకు ఎందరు దాటుచున్నారు, గత సంవత్సరములలో అచ్చట ఏ ప్రమాదములు జరిగినవి. దాటువారిని లెక్కించుట యువజనులు మూడు దినములలో చేయగల పని. ఆ తీర్మానమును సంబంధించిన ఇంజనీరునకు, పోలీసు స్టేషనునకు, జిల్లా రోడ్డు భద్రతా సంఘమునకు అధ్యక్షులైన కలెక్టరునకు పంపి, రసీదులు భద్రపరచవలెను. జవాబు రానిచో మరుసటి సమావేశమున ఆ విషయమును తిరిగి చేపట్టవలెను.

మన చేతిలోని పనులు

పరుల బాధ్యతను అడుగునప్పుడు మన బాధ్యతను మరువరాదు. వీధిదీపములు వెలిగించుట పంచాయతీ పనియే. దాటుచోటున దీపము ఆరిన, దానిని మొట్టమొదట బాగు చేయించవలెను. రోడ్డు అంచు నాక్రమించి వేసిన బడ్డీల వలన పాదచారి తారుమీదికి దిగవలసి వచ్చుచున్నది. ఇరుగుపొరుగువారే అయినను, వారికి వేరుచోటు చూపి వాటిని తొలగింపవలెను. ధాన్యము, మిరప, మొక్కజొన్న రోడ్డుమీద ఆరబోయుట వలన సగము రోడ్డు మూసుకొనిపోవుచున్నది. ఇందులకు కల్లములు ఏర్పరచుట మేలు.

జాతీయ రహదారి నడుమనున్న దిమ్మెను పగులగొట్టి అడ్డదారి చేయుట కొన్ని తావుల జరుగుచున్నది. అది ఒక నిమిషము మిగిల్చి ఒక ప్రాణమును తీయగలదు. రోడ్డుమీద ఎవరికి తోచినట్లు వారు మట్టిదిబ్బ వేయుటయు అట్టిదే. రాత్రివేళ అది కానరాక మోటారు సైకిలు మీద వచ్చువాడు పడును. వేగనిరోధకము కావలసినచో శాఖవారి చేతనే, సరియైన కొలతలతో, రంగు గీతలతో వేయించవలెను.

మన ఊరి ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు నడపువారిని గూడ ఒకనాడు పిలిచి, చారలకడ ఆగుట చట్టమని తెలుపవలెను. మనవారు ఆగనిచో పైవారు ఆగుదురా?

ఇంత చేసినను ప్రమాదము జరిగినచో వెంటనే 108కి గాని, జాతీయ రహదారిమీద నైనచో 1033కి గాని ఫోను చేయవలెను. క్షతగాత్రుని ఆదుకొన్నవారిని చిక్కులలో పెట్టరాదని 134-ఏ సెక్షను రక్షణ కల్పించుచున్నది. 2025 మే నెల నుండి అమలైన కేంద్ర పథకము ప్రకారము, నిర్ణీత ఆసుపత్రులలో ఏడు దినముల వరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, రొక్కము చెల్లింపనక్కరలేని చికిత్స లభించును.

ఒక బిడ్డను పోగొట్టుకొన్న తరువాత ఊరంతయు రోడ్డుమీద బైఠాయించుటయు, మరునాడు అధికారులు వచ్చి చారలు గీయించుటయు జరుగుచున్నది. ఇది చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట. ఆ చారలనే ఒక నెల ముందుగా కోరుట పంచాయతీకి సాధ్యమైన పని. రానున్న సమావేశమునకు ముందు ఒక సాయంకాలము, బడి విడుచువేళ, సభ్యులందరు కలిసి రోడ్డు ప్రక్కన అరగంట నిలిచి చూడుడు. పిల్లలు ఎట్లు దాటుచున్నారో కన్నులార చూచినవారికి, తీర్మానమున ఏమి వ్రాయవలెనో మరి యెవ్వరును చెప్పనక్కరలేదు.